పెద్దల దిగులు పూర్వజన్మ కర్మ కాదు

  

సిద్ధార్థుడు ఒక ముసలివాణ్ణి, ఒక రోగిని, ఒక శవాన్ని చూసి ఇల్లు విడిచాడనే కథ మనందరికీ తెలుసు. బాబాసాహెబ్ ఆ కథను ఒప్పుకోలేదు. ఇల్లు విడిచేనాటికి ఆయనకు 29 ఏళ్లు. అన్నేళ్లు బతికిన మనిషి అంతవరకూ ఒక్క ముసలివాణ్ణి కూడా చూడలేదంటే ఎట్లా నమ్మేది అని 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథం మొదట్లోనే ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్న.

అయితే సిద్ధార్థుడి విషయంలో నమ్మలేని ఆ సంగతి మన ఇళ్లల్లో రోజూ జరుగుతోంది. వసారాలో మంచం మీద మనిషి ఉంటాడు. మనం ఆ పక్కనుంచే పనికి పోతాం, వస్తాం. కంచం పెడతాం, కంచం తీస్తాం. ఆయన్ని మాత్రం చూడం. ఒకరోజు ఆయన తన ఒంటికి తానే పెద్ద గాయం చేసుకుంటే, అప్పుడు ఊరంతా చూస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉన్నాడు గదా" అంటుంది.

నిన్నటిదాకా ఆయన బాగా లేడు. మనం చూడలేదు, అంతే. ఈసారి మనం మాట్లాడుకోబోయేది ఆ మనిషి గురించి. నోరు తెరిచి మాట్లాడటానికి కష్టంగా ఉండే విషయమే. కష్టమని వదిలేస్తే ప్రాణాలు పోతాయి కాబట్టి మాట్లాడుకుందాం.

ముసలితనం వేరు, దిగులు జబ్బు వేరు

వయసు మీద పడితే దిగులు మామూలే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మోకాళ్లు నొప్పిపుట్టడం, చూపు తగ్గడం వయసుతో వస్తాయి. బతకాలనే కోరిక చచ్చిపోవడం వయసుతో వచ్చేది కాదు. అది జబ్బు. డాక్టర్లు దాన్ని డిప్రెషన్ అంటారు.

పెద్దవాళ్లలో ఈ జబ్బు ముసుగు వేసుకొని వస్తుంది. "నాకు దిగులుగా ఉంది" అని మన పెద్దలు చెప్పరు. అట్లా చెప్పుకోవడం వాళ్లకు అలవాటు లేదు. "కడుపులో మంట", "ఒళ్లంతా పోట్లు", "తల దిమ్ముగా ఉంది" అంటారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, చూరు చూస్తూ పడుకుంటారు. ముద్ద దిగదు. చిక్కిపోతారు. మనవడు వచ్చి ఒళ్లో కూర్చున్నా ముఖం విచ్చుకోదు. కొందరు ఒకచోట నిలవలేక చేతులు నలుపుకుంటూ తిరుగుతుంటారు. మనం ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయి ఒక సూది వేయించి, సెలైన్ ఎక్కించి తీసుకొస్తాం. జబ్బు అట్లాగే ఉంటుంది.

జబ్బు బాగా ముదిరితే మనసు మనిషికి అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది. "నా పేగులు కుళ్లిపోయినయ్" అంటారు. "నేను పెద్ద పాపం చేశాను, నాకు శిక్ష పడాల్సిందే" అంటారు. పిల్లలు సంపాదిస్తున్నా "ఇంట్లో గింజ లేదు, నావల్లే అందరూ నాశనం" అంటారు. లేని మనుషుల గొంతులు వినిపించవచ్చు. ఆ దశలో సొంత శరీరమే శత్రువుగా కనిపిస్తుంది. శిక్షించాల్సిన వస్తువుగా కనిపిస్తుంది. ఘోరమైన గాయాలు ఎక్కువగా ఇక్కడ జరుగుతాయి. ఆ మనిషి అప్పుడు పిరికివాడూ కాదు, మొండివాడూ కాదు. 104 జ్వరంలో కలవరించేవాడి మాటలకు ఎంత బాధ్యుడో, దీనికీ అంతే.

ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లు తమకు తాము గాయం చేసుకుంటే, గాయం చిన్నదైనా సరే, దాని వెనక చనిపోవాలనే తలంపు ఉండే అవకాశం చిన్నవయసు వాళ్లకంటే చాలా ఎక్కువ. "బెదిరించడానికి చేశాడులే", "కోడలి మీద కోపంతో చేసిందిలే" అని తీసిపారేయకండి. గాయం లోతును బట్టి దుఃఖం లోతును కొలవకూడదు.

కర్మ అని చెప్పేవాళ్లకు బుద్ధుడి జవాబు

ఇట్లాంటిది జరగగానే పేటలో మూడు మాటలు వినపడతాయి. ఒకటి, గాలి సోకింది. రెండు, ఎవరో చేతబడి చేశారు. మూడు, పూర్వజన్మలో చేసుకున్న కర్మ. మొదటి రెంటినీ మనం 22 ప్రతిజ్ఞలు తీసుకున్ననాడే వదిలేశామని చెప్పుకుంటాం. మూడోది మాత్రం మన నోటి నుంచి ఇంకా జారుతూనే ఉంది. "ఏం చేస్తాం, వాడి ఖర్మ" అనేస్తాం.

మోలియ శివకుడనే పరివ్రాజకుడు ఒకసారి బుద్ధుణ్ణి ఇదే అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ వెనక చేసిన కర్మ వల్లేనని కొందరు చెబుతున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు దాన్ని ఒప్పుకోలేదు. పిత్తం వల్ల బాధలు వస్తాయి, శ్లేష్మం వల్ల వస్తాయి, వాతం వల్ల వస్తాయి, రుతువులు మారడం వల్ల వస్తాయి, దెబ్బలు తగలడం వల్ల వస్తాయి. ఇది ఎవరికి వాళ్లు తెలుసుకోగలిగిందే, లోకం కూడా ఒప్పుకున్నదే. అన్నిటినీ వెనకటి కర్మకు కట్టేవాళ్లు తప్పు చెబుతున్నారు అన్నాడు. ఆ కాలపు వైద్యం భాషలో ఆయన చెప్పింది ఏమిటి? జబ్బుకు కారణం శరీరంలో వెతకండి, చుట్టూ వెతకండి, పోయిన జన్మలో వెతక్కండి అని.

పోయిన జన్మ కర్మ అనే మాటతోనే మనల్ని వేల ఏళ్లు ఊరి బయట కూర్చోబెట్టారు. అందుకే బాబాసాహెబ్ ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టి ఖండించారు. మన తాతలను వెలివేసిన మాటనే మనం మన తాతల జబ్బు మీద వాడితే, దీక్ష తీసుకుని ఏం లాభం?

ధమ్మం చెప్పేది కారణం గురించి. ఇది ఉంటే అది వస్తుంది. ఇది తీసేస్తే అది పోతుంది. పెద్దల దిగులుకు కారణాలు వెతికితే దొరుకుతాయి. థైరాయిడ్ తగ్గడం, బి12 లోపం, పక్షవాతం, షుగరు, ఎప్పుడూ తగ్గని నొప్పి, కొన్ని రకాల మందులు, మతిమరుపు జబ్బు తొలిదశ, సారా. ఇంటి వైపు చూస్తే, తోడు పోవడం, పిల్లలు బెంగళూరో గల్ఫో పోవడం, చెవులు వినపడక మాటల్లోంచి తప్పుకోవడం, పని చేసిన చేతులు ఖాళీ అయిపోవడం, అప్పు. వీటిలో సగం ఒక రక్తపరీక్షతో, ఒక వినికిడి మిషన్‌తో, రోజూ అరగంట మాటలతో కదిలేవే.

కారంచేడు 1985లో జరిగింది. చుండూరు 1991లో జరిగింది. ఆనాడు రోడ్డు మీదికి వచ్చి నిలబడిన యువకులకు, గుడారాల్లో పిల్లల్ని ఎత్తుకొని కూర్చున్న తల్లులకు ఇవాళ 60, 70 దాటాయి. మనకు బడి, భూమి, మాట తెచ్చిన తరం అది. ఆ తరం లోపల ఏం మోస్తోందో మనం ఎప్పుడైనా అడిగామా?

శరీరాన్ని హింసించడం దారి కాదు

దిగులులో ఉన్న మనిషికి "నా ఒళ్లు శిక్షకే తగింది" అనిపిస్తుందని చెప్పుకున్నాం. బుద్ధుడికి ఈ దారి తెలుసు. ఆరేళ్లు ఆయన శరీరాన్ని ఎండగట్టాడు. ఎముకల గూడు అయ్యాడు. దాంతో ఏమీ రాదని తేల్చుకుని, అన్నం తిన్నాడు. సారనాథ్‌లో మొదటి ఉపదేశంలోనే చెప్పాడు, భోగాల్లో మునగడం ఒక కొస, ఒంటిని హింసించుకోవడం ఇంకో కొస, రెండూ వద్దు అని. మధ్యేమార్గం అంటే మనం పెద్ద తత్వం అనుకుంటాం. మొదట అది ఒక ఆకలిగొన్న శరీరం మీద దయ.

వైశాలిలో జరిగిన సంగతి ఇంకా దగ్గరది. బుద్ధుడు భిక్షువులకు శరీరం మీద మోహం పోవడానికి, అందులోని అశుభాన్ని గురించి ధ్యానం చెప్పి, పదిహేను రోజులు ఏకాంతానికి వెళ్లాడు. తిరిగి వచ్చి చూస్తే సంఘం పలచబడి ఉంది. ఏమైందని ఆనందుణ్ణి అడిగాడు. ఒంటి మీద అసహ్యం పెరిగి కొందరు భిక్షువులు ప్రాణాలు తీసుకున్నారని తెలిసింది. అప్పుడాయన ఏం చేశాడు? పోయినవాళ్లను నిందిస్తూ కూర్చోలేదు. మిగిలినవాళ్లను అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, చల్లగా మనసును నిమిరే శ్వాస ధ్యానం నేర్పాడు. దానితోపాటు ఒక కఠినమైన నియమం పెట్టాడు. మనిషి ప్రాణం తీసిన భిక్షువే కాదు, ఇంకొకడితో "నీకీ పాడు బతుకెందుకు, చావే నయం" అని అన్న భిక్షువు కూడా సంఘంలో ఉండటానికి వీల్లేదు అని.

ఈ నియమం భిక్షువులకు పెట్టింది. మన నట్టింట్లో దాన్ని ఒక్కసారి చదివి చూడండి. "ఇంకా ఎన్నాళ్లు పీడిస్తావే ముసల్దానా." "నువ్వు పోతే నాకు పీడ విరగడవుతుంది." "చావూ రాదు నీకు." విసుగులో అంటాం, అన్నది మరచిపోతాం. దిగులులో ఉన్న మనసు ఆ మాటను దాచుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి తీసి చూసుకుంటుంది. పంచశీలలో నాలుగోది అబద్ధం ఆడను అని మాత్రమే అనుకుంటే సరిపోదు. చంపే మాట అనకుండా ఉండటం మొదటి శీలంలోకే వస్తుంది.

నకులమాత ఏం చేసింది

మరి ఎట్లా మాట్లాడాలి? దీనికి పాళీ సూత్రాల్లో ఒక ఇల్లాలు మనకు గురువు.

భగ్గ దేశంలో నకులపిత, నకులమాత అనే గృహస్థ దంపతులు ఉండేవాళ్లు. నకులపిత పెద్దజబ్బు చేసి మంచం పట్టాడు. నకులమాత పక్కన కూర్చుంది. "ధైర్యంగా ఉండు" అని ఊరికే అనలేదు. "ధమ్మం తెలిసినవాడివి, దిగులెందుకు" అని దెప్పలేదు. ఆయన మనసులో తొలుస్తున్నవి ఏమై ఉంటాయో ఊహించి, ఒక్కొక్కటే పైకి తీసింది. నేను పోతే ఇది పిల్లల్ని సాకలేదేమో, ఇల్లు నడపలేదేమో అనుకుంటున్నావా? నాకు నూలు వడకడం వచ్చు, ఉన్ని దువ్వడం వచ్చు, పిల్లల్ని సాకుతాను. ఇంకో ఇంటికి పోతాననుకుంటున్నావా? పోను. బుద్ధుణ్ణి, సంఘాన్ని చూడటం మానేస్తాననుకుంటున్నావా? ఇంకా ఎక్కువ చూస్తాను. ఇట్లా ఒక్కో ముల్లూ తీసింది. ఆయన తేరుకున్నాడు. కొన్నాళ్లకు చేతికర్ర పట్టుకొని నడుస్తూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. ఇట్లాంటి హితవు చెప్పే ఇల్లాలు దొరకడం నీ భాగ్యం అన్నాడు బుద్ధుడు.

మన నాయనకు ఏ ముల్లు గుచ్చుకుంటోంది? "నా మందులకే వీళ్ల జీతం అయిపోతోంది" అన్నదా? "ఆ స్థలం కాగితాలు తేలకుండానే పోతానేమో" అన్నదా? "నేనొక బరువు" అన్నదా? అడగాలి. విన్నాక, ఆ ముల్లుకు సరిపోయే మాట చెప్పాలి. "బరువేం కాదు నాయనా" అని గాలిలో అనడం కంటే, "రేపు బ్యాంకుకు నాతో రా, పెన్షన్ పుస్తకం చూపిస్తా, నీ మందుల ఖర్చు ఎట్లా వెళ్తోందో నువ్వే చూడు" అనడం మేలు.

ఇంకా కష్టమైన ప్రశ్న కూడా అడగాలి. "నాయనా, చచ్చిపోవాలని అనిపిస్తోందా? నీకు నువ్వు ఏమన్నా చేసుకోవాలనిపిస్తోందా?" అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. అట్లా కాదు. లోపల ఒంటరిగా మోస్తున్నది పైకి చెప్పుకోవడానికి ఒక తలుపు తెరిచినట్టవుతుంది. అవునని జవాబు వస్తే అరవొద్దు, ఏడవొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. పక్కన కూర్చోండి. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు.

చేయాల్సిన పనులు

పురుగుమందు ఇంట్లో ఉంచకండి. పొలం ఉన్నవాళ్లు కావలసినంతే తెచ్చుకుని, తాళం వేసే చోట, ఇంటికి దూరంగా పెట్టండి. మాత్రల డబ్బాలు, పదునైన పనిముట్లు వేరేవాళ్ల చేతిలో ఉండాలి. చచ్చిపోవాలనే ఉధృతం అలలాగా వచ్చి చాలాసార్లు కొద్దిసేపటికే తగ్గుతుంది. ఆ సమయంలో చేతికి ఏదీ అందకుండా ఉంటే ఒక ప్రాణం నిలుస్తుంది.

గాయం అయితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి. మందు మింగినట్టు అనుమానం ఉంటే ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి కక్కించొద్దు; ఆ డబ్బా చేతపట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. పోలీసు కేసు అవుతుందని దాచొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఏం చెబుతోందంటే, అట్లాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. పాత శిక్షాస్మృతిలో ఉన్న 309వ సెక్షన్, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అట్లా కొనసాగలేదు. ఆసుపత్రిలో కాగితాలు రాస్తారు.

గాయానికి కుట్లు వేయించి ఇంటికి తెచ్చేస్తే సగం పనే అయినట్టు. మనసు డాక్టరుకు చూపించాలి. జిల్లా ఆసుపత్రిలో, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంటుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరును మన వాడుకలో తిట్టుగా మార్చుకున్నాం. అది ఆసుపత్రి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు ఏ వేళలోనైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. పెద్దలకు ఇతర సాయం కావాలంటే 14567 ఉంది.

దిగులు మందులు తలనొప్పి మాత్రల్లాగా అరగంటలో పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు, పెద్దవాళ్లలో ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆ మొదటి వారాల్లో ఒంట్లో కాస్త ఓపిక ముందు వస్తుంది, దిగులు తర్వాత పోతుంది; అందుకని అప్పుడే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. నయమయ్యాక కూడా డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. అన్నం నీళ్లు మానేసి, పేగులు కుళ్లాయనే దశకు పోయినవాళ్లకు కరెంటు వైద్యం చెబుతారు. సినిమాల్లో చూసి భయపడకండి. మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఇచ్చి చేస్తారు. అవి లేకుండా చేయకూడదని చట్టమే చెబుతోంది. ముదిరిన దిగులులో ఉన్న పెద్దవాళ్లకు బాగా పనిచేసే వైద్యాల్లో అదొకటి.

ధ్యానం సంగతి కూడా చెప్పాలి. దిగులు బాగా ముదిరిన మనిషిని పది రోజుల మౌన శిబిరానికి పంపకండి. ఒంటరిగా కళ్లు మూసుకుని కూర్చుంటే ఆ చీకటే పెద్దదవుతుంది. ముందు వైద్యం. తేరుకున్నాక, మన పక్కన, మనతోపాటు, కొద్దిసేపు శ్వాస చూడటం.

మందులు మింగడం ధమ్మానికి తక్కువేమీ కాదు. బాబాసాహెబ్ చివరి ఏళ్లలో చక్కెర వ్యాధితో, కాళ్ల నొప్పులతో బాధపడుతూనే గ్రంథం పూర్తిచేశారు. తనను నిలబెట్టింది తన భార్య, డాక్టరు కూడా అయిన సవితా అంబేద్కర్, మరో వైద్యుడు డాక్టర్ మాల్వంకర్ అని కృతజ్ఞతతో రాసుకున్నారు. ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

విహారం చేయాల్సింది

ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లో తానే పడి ఉంటే ఎవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు పట్టుకుని మంచం మీదికి చేర్చారు. తర్వాత సంఘాన్ని పిలిచి, మీకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరికొకరు చేసుకోకపోతే ఎవరు చేస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి చేయండి అన్నాడు.

ఆదివారం వందన అయ్యాక మన విహారంలో ఒక్క పని చేద్దాం. ఈ నెల రాని పెద్దలెవరు అని ఒకసారి తలచుకుందాం. వాళ్లింటికి ఇద్దరు వెళ్దాం. ప్రసంగం చేయడానికి కాదు, ఒక టీ తాగి, వాళ్ల మాట విని రావడానికి. ఆసుపత్రికి తీసుకుపోయే మనిషి లేకపోతే వంతులు వేసుకుందాం. ఒకసారి గాయం చేసుకుని ఇంటికి వచ్చిన మనిషి దగ్గరికి ముందుగా వెళ్దాం, తరచుగా వెళ్దాం. ఆ ఇంటి గడప ఎవరూ తొక్కని రోజులే ప్రమాదమైనవి.

చివరిగా, ఈ పుస్తకాన్ని కళ్లద్దాలు సర్దుకుని చదువుతున్న పెద్దాయనా, చదివించుకుని వింటున్న పెద్దమ్మా, ఈ మాట మీకే. మీరు బరువు కాదు. అట్లా చెబుతున్నది జబ్బు, మీ బిడ్డలు కాదు. మీ ఒంటి మీద మీకు కోపం వస్తున్నదంటే, అది ఎన్నో దెబ్బలు తిని మమ్మల్ని ఇక్కడిదాకా మోసుకొచ్చిన ఒళ్లు. దానికి శిక్ష వేయొద్దు, మందు ఇవ్వండి. ఇవాళే ఎవరో ఒకరితో, కొడుకుతోనో, కోడలితోనో, విహారంలో ఎవరితోనో, ఎవరూ లేకపోతే 14416తోనో, "నాకు బాగాలేదు" అనే ఆ ఒక్క మాట చెప్పండి. తక్కింది మేం చూసుకుంటాం. చూసుకోవడం మా ధమ్మం.

నమో బుద్ధాయ! జై భీమ్!